నాలుగు మైళ్ళ కంపు

“నేను మొయ్యను. ఆ పెట్టెకి నా భుజం ఆనించను,” అని ఈనక్ గేటు ముందే కాండ్రించి ఉమ్మేశాడు.

“ఆరో మనిషి లేకపోతే పెట్టె ఒరిగిపోతుంది అల్లుడూ. పట్టు,” అన్నాడు అతని మామ జేబెజ్.

“లోపల ఉన్నదెవడో మరిచిపోయావా మావా? వేట పిట్టలు బెదురుతాయని ఈ కొండదారికి తాళం బిగించిన దొర! పక్క ఊరి మంత్రసాని తొమ్మిది మైళ్ళు చుట్టు తిరిగొచ్చేసరికి నీ కూతురి కడుపున పుట్టిన బిడ్డ చల్లబడిపోయింది. వచ్చే నెల మళ్ళీ దానికి నెలలు నిండుతున్నాయి. నువ్వేమో వాడికి పాడె మొయ్యమంటున్నావు!”

“అరవకు. చిన్నదొర వస్తున్నాడు.”

చిన్నదొర ముక్కుకి అత్తరు రుమాలు అదుముకుని వచ్చాడు. అతను లండన్ నుంచి దిగేసరికే పెద్దదొర పోయి అయిదో రోజు. పైగా ఆగస్టు ఎండ. చర్చి ఉన్న పక్క ఊరు స్టోన్‌డేల్‌కి బండిబాట చుట్టుదారి. “బండిలో కుదుపులెందుకు దొరా, కొండ మీదుగా నాలుగే మైళ్ళు, మా భుజాల మీద తీసుకుపోతాం,” అని నిన్న దొర బంగళాకి వెళ్ళి, టోపీ చేతిలో పట్టుకుని అడుక్కున్నది ఈ జేబెజే. ఇప్పుడు చిన్నదొర తన చేత్తోనే గేటు తాళం తీశాడు. ఈనక్ పళ్ళు కొరుక్కుంటూ పెట్టె కింద భుజం పెట్టాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. కనుచూపుమేర బీడంతా ఊదారంగు పూలు, వాటి మీద తేనెటీగలు. సముద్రం ఒడ్డు నుంచి ఆ ఊరికి అల్లుడుగా వచ్చిన నాలుగేళ్ళలో ఈనక్ ఆ దారి తొక్కడం ఇదే మొదలు. ఇంత చక్కని దారి ఒక్కడి సరదా కోసం మూతపడిందని తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. అంతలో పెట్టె అతుకులోంచి చల్లగా ఏదో అతని మెడ మీద జారింది. ఈగలు ముసిరాయి. రెండుసార్లు వాంతి గొంతుదాకా వచ్చి ఆగింది.

“మా నాన్నంటే మీకింత అభిమానమని నాకు తెలియదు,” అన్నాడు చిన్నదొర కళ్ళు తుడుచుకుంటూ.

“ధర్మప్రభువు దొరా! అలాంటి మనిషి మళ్ళీ పుట్టడు,” అన్నాడు జేబెజ్.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. జేబెజ్ వాటిని చేటంత చేశాడు. శవం కంపునైనా ఈనక్ తట్టుకున్నాడు గానీ ఈ నక్క వినయాన్ని తట్టుకోలేకపోయాడు.

సగం దూరంలో బురద పల్లం ఎదురైంది. పక్కనే ఎండిన గట్టు ఉంది.

“గట్టు మీద పోదాం,” అన్నాడు ఈనక్.

“వద్దు. పాత దారినే పోవాలి. అడుగు కూడా పక్కకి పడకూడదు.”

“పిచ్చా నీకు? మోకాళ్ళ దాకా దిగుతాం!”

“దిగుదాం.”

దిగారు. కుళ్ళిన నాచు కంపు పైనున్న కంపుతో కలిసింది. మిగతా నలుగురూ తలలు వంచుకుని జేబెజ్ చెప్పినట్టే నడిచారు. వీళ్ళకి చీమూ నెత్తురూ లేవా అనుకున్నాడు ఈనక్.

స్టోన్‌డేల్ చర్చి ముందు రెండు ఊళ్ళ జనమూ టోపీలు తీసి నిలబడి ఉన్నారు. చంటిపిల్లల తల్లులు కూడా వచ్చారు. పెట్టె దించగానే చిన్నదొర జేబెజ్ చేతులు పట్టుకున్నాడు.

“సాయంత్రం మీకొక పీపా బీరు పంపిస్తాను.”

“వద్దు దొరా. ఇది మా ధర్మం.”

పెట్టె చర్చిలోకి వెళ్ళింది. ఈనక్ మరకలుపడ్డ కోటు విప్పి గడ్డిలోకి విసిరికొట్టాడు.

“థూ! నిన్ను చూస్తేనే రోత పుడుతోంది మావా. మనవణ్ణి పొట్టన పెట్టుకున్నవాణ్ణి మోశావు, పొగిడావు, ఊరందరి చేతా టోపీలు తీయించావు. రేపు పొద్దున్న ఆ గేటుకి మళ్ళీ తాళం పడుతుంది. నీ కూతురు ఏమైనా నీకేం!”

జేబెజ్ నింపాదిగా టోపీ పెట్టుకున్నాడు.

“ఇక పడదు అల్లుడూ. ముందే చెబితే నీ మొహం చూసి చిన్నదొర పసిగట్టేవాడు. పదిమంది చూస్తుండగా శవం ఒక్కసారి నడిచిన దారి ఊరందరిదీ అవుతుంది, అది మా తాతలనాటి కట్టుబాటు. మన శవాల్లో ఒక్కదాన్ని కూడా గేటు దాటనివ్వని దొర, తన శవాన్ని మాత్రం ఆపుకోలేకపోయాడు.”