లాకుకి కట్టిన పసుపుతాడు

అల వచ్చి జీపు వెనక చక్రాలను తడిపింది. రుషికొండ ఇసకలో ఒక చక్రం గిర్రున తిరుగుతోంది, పక్కది కదలడం లేదు.

“పోలిరాజూ, ఆ డిఫరెన్షియల్ లాకు వెయ్యి. రెండూ కలిసి తిరుగుతాయి,” అన్నాడు ఇంజనీరు భీమశంకరరావు.

డ్రైవరు లాకు కర్రని సీటుకి బిగించిన పసుపుతాడు చూపించాడు. “మా యావిడి కట్టినాది బాబూ. మొన్న రోడ్డు మీద లాకేస్తే బండి మలుపు తిరగనేదు, సేపల గంపల్లోకి ఎలిపోనాది.”

“లాకు ఇసకలో వెయ్యాలి, రోడ్డెక్కాక తియ్యాలి. లేకపోతే జీపు సముద్రానికిచ్చేద్దామా?”

“సముద్రం తిట్టదు బాబూ. గంగాలమ్మ తిడతాది.”

ఒడ్డున చేపలమ్ముతున్న అతని భార్య గంగాలమ్మ పరుగున రానే వచ్చింది. “బండి ములిగిపోతంటే కూకున్నావేటి?”

“నువ్వే ముట్టొద్దన్నావు కదే!”

“సేపలు పోతే పోనాయి. నీకేటైనా ఔతాదని కట్టినాను.” ఆమె తాడు విప్పి మొగుడి మణికట్టుకి ముడేసింది. “రోడ్డెక్కాక ఇది సూసి లాకు తియ్యి.”

మూఢనమ్మకమని తిట్టబోయిన భీమశంకరరావు జీపు తొయ్యడానికి వెనక్కి నడిచాడు.

ఈసారి చక్రాలు రెండూ కలిసి తిరిగాయి. వెనక నించున్న ఇంజనీరుకి నిలువెల్లా ఇసకాభిషేకం చేసి జీపు గట్టెక్కింది.

రోడ్డు మీంచి పోలిరాజు కేకేశాడు: “లాకు తీసేసినానే!”

ఆ కబురు తనకి కాదని తెలిసి, భీమశంకరరావు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.