చేను గట్టున కెనడా పాట

మా ఆయన బెంగళూరు పాతసామాన్ల అంగట్లో రెండు క్యాసెట్లు కొన్నాడు. కెనడావాళ్ల రాక్ పాటలట, వింటే కండ్లముందు రంగులు తిరుగుతాయట. సొంత దేశమే మరిచిన బ్యాండును మా యాడికి ఊళ్లో కనిపెట్టిన మహానుభావుడు ఆయనే!

ఇక్కడ మూడేండ్లకు పండిన జొన్నను చిలకలు తినేస్తున్నాయి. కావలికి పిలిస్తే, "పాట మధ్యలో మాట్లాడొద్దు" అన్నాడు.

మరునాడు క్యాసెట్టు టేపు పీకి చేను చుట్టూ కట్టాను. గాలికి అది బుయ్యిమంటే పిట్టలు బెదురుతాయి.

క్యాసెట్లు కనబడక పరుగెత్తుకొచ్చాడు. "ఎంత పని చేసినావే! ఇంగ యాడా దొరకవే!"

"విను మరి. పాడుతాండాది."

గట్టుమీద కూలబడి కండ్లు మూసుకున్నాడు. "అబ్బా, గిటారు ఏముండాదే!"

వారమైంది, గట్టు దిగలేదు. ఆయన్ను చూసి చిలకలూ రావడంలేదు.

నేను కట్టింది మా అత్త పాత భజనల టేపు. కెనడావాళ్లు కందిపప్పు డబ్బాలో భద్రంగా ఉన్నారు. కోతలయ్యాక ఆయనే మళ్లీ కనిపెడతాడు.