మిగిలిన మాట

"వల," అన్నాడు పెద్దాయన.

చిట్టి కత్తెర ఆపి చూసింది. టైలర్ షాపు గుమ్మంలో నిలబడి ఆమె మోచేతి వైపే వేలు చూపిస్తున్నాడు.

"ఏం కావాలి బాబాయ్?"

"వల... వల..." మూతి ఓ పక్కకు పోతోంది.

మిషన్ మీదున్న ఓనరక్క కిసుక్కున నవ్వింది.

"తాగొచ్చి నీకు వల వేస్తున్నాడే, ఈ వయసులో."

చిట్టికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఏమీ అర్థం కాలేదు.

చేతి మీద ఆ ఊదారంగు గీతలు చాన్నాళ్లుగా ఉన్నవే. చలికి వచ్చాయని అమ్మ, రక్తం చెడిందని అత్త. ఎవరి వైద్యం వాళ్లది. చెయ్యి మాత్రం పనిలో తిరిగిన చెయ్యి. అది ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

మర్నాడూ వచ్చాడు. ఈసారి తన చొక్కా చెయ్యి పైకి లాక్కోబోయాడు.

"ఆడవాళ్ల ముందు బట్టలు విప్పుతావేంటయ్యా?" అక్క గజంబద్ద ఎత్తింది.

"వల," అంటూ ఆయన చిట్టిని బతిమాలుతున్నట్టు చూశాడు.

"వెళ్లిపో బాబాయ్, నా పరువు తియ్యకు."

కాలీడ్చుకుంటూ వెళ్లిపోయాడు. తాగితే వాసన రావాలి కదా అనుకుంది చిట్టి. ఆ అనుమానం ఎటూ తేలలేదు. ఆయన మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు కత్తెర చేతిలోంచి జారిపడింది. తీద్దామంటే వేళ్లు మాట వినలేదు. "అక్కా" అనబోతే నోట్లోంచి ఇంకేదో వచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె చేతిని వెలుతురులో తిప్పి చూసింది.

"ఈ వల ఎప్పట్నుంచి ఉంది?"

చిట్టి ఉలిక్కిపడింది.

"చర్మం మీద ఇలా వలలా కనిపిస్తుంది. లోపల మెదడులో రక్తనాళాలు మూసుకుపోతుంటాయి. చాలా అరుదైన జబ్బు. ముందే వచ్చుంటే ఈ పక్షవాతం తప్పేదేమో."

"చె...ప్పాడు. తాగు...బోతు. వల... అని."

డాక్టరమ్మ ఆమె చెయ్యి వదిలేసింది.

"కాలీడుస్తూ నడిచేవారా? తాగుబోతు కాదమ్మా, మా పేషెంటు. ఇదే జబ్బు. పోయిన వారమే పోయారు."

"అదొ...క్కటే... అనేవాడు."

"ఇంకేం అనగలరు? మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడే మాటలన్నీ పోయాయి. ఆయన చేతి మీది గీతలు చూసి నేనన్న ఆ ఒక్క మాటే ఎలాగో మిగిలింది."

చిట్టి కత్తెర పట్టలేని తన చేతి వంక చూసుకుంది. ఏడుపొచ్చింది.

"ఎవరు... ఆయన?"

"బళ్లలో లావుపాటి తెలుగు నిఘంటువు ఉంటుంది, చూశావా? అందులో మాటలన్నీ పోగేసింది ఆయనే."