నాలుక మీద నీలం

"మింగేశాడు! నా రాయి మింగేశాడు!"

రాళ్లు అమ్మే ఇసంక కేకకి రత్నపుర రాళ్ల వీధి మొత్తం ఇటు తిరిగింది.

ముసలాయన పారిపోలేదు. బస్సు దిగినప్పటి చేతిసంచితో అలాగే నిలబడ్డాడు.

"కక్కు! ముందు కక్కు!" చతురిక ఆయన చొక్కా పట్టుకుని ఊపేసింది.

అది ఆమె కొనబోయే నీలం. బేరం కుదిరింది, డబ్బు చేతులు మారడమే మిగిలింది. పెసరగింజంత రాయి. ముదురు రంగు. లోపల నలక లేదు.

గురువారం ఆమె పెళ్లి. ఉంగరం చేసిన కంసాలి రాయి పొదిగే గూడు ఖాళీగా ఉంచి, రాయి కోసం ఎదురుచూస్తున్నాడు. బట్టల ఫ్యాక్టరీలో ఓవర్‌టైం చేసి కూడబెట్టిన యాభై వేలు ఆమె సంచిలో ఉన్నాయి. అంతకు మించి ఒక్క రూపాయి లేదు. ఆ డబ్బుకి అంత మంచి రాయి దొరుకుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆ సంబరమే కొంప ముంచింది.

"ఒక్కసారి చూడనియ్యమ్మా" అంటూ పక్కన నిలబడ్డ ఈ ముసలాయన చెయ్యి చాపాడు. మురిసిపోతూ అరచేతిలో పెట్టింది. ఆయన రాయిని నాలుక మీద వేసుకున్నాడు. గనుల్లో పనిచేసిన పాతకాలం వాళ్లు అలాగే చూస్తారు కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు.

తర్వాత గుటక పడింది.

"ఎందుకు మింగావు తాతా?" చతురిక నిలదీసింది.

"జారిపోయిందమ్మా."

"జారిపోవడానికి నీది గొంతా, గని గొయ్యా?" గుంపులోంచి ఎవరో అరిచారు.

"ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఫొటో తీస్తే కనబడుతుంది."

"ఆస్పత్రి ఎందుకు, ఖర్చు దండగ! అరటిపళ్లు తినిపించి ఇక్కడే కూచోబెట్టండి. పొద్దున్నకి అదే వస్తుంది!"

జనం ఘొల్లుమన్నారు.

ఇసంక మాత్రం నవ్వలేదు. "ఆస్పత్రీ వద్దు, పోలీసులూ వద్దు. నా డబ్బు నాకు పడేస్తే చాలు" అంటూ ముసలాయన చెంప మీద లాగి కొట్టాడు.

ముసలాయన తల పక్కకి తిరిగిపోయింది. మెల్లగా మళ్లీ ఇసంక వైపే చూశాడు.

"చెయ్యి దించు తమ్ముడూ!"

విమలసూరియ ముదలాలి గుంపుని చీల్చుకుంటూ వచ్చాడు. ఆ వీధిలో పెద్ద వ్యాపారి. తగవు వస్తే అక్కడ ఆయన మాటే తీర్పు.

"రాయి పోగొట్టినవాడు రాయి ఇచ్చుకోవాలి. తన్నడాలు లేవు. ఏముంది పెద్దాయనా నీ దగ్గర?"

ముసలాయన చిటికెనవేలి ఉంగరం లాగాడు. రాలేదు. ఉమ్మి తడి చేసి, తిప్పి తిప్పి లాగాడు. ఆడవాళ్లు పెట్టుకునే సన్నటి ఉంగరం. నడుమ చిన్న నీలం.

దాన్ని ఇసంక అరచేతిలో పెట్టాడు.

"దానికి ఇది చెల్లు. ఈ పిల్లకి అదే ధరకి ఇచ్చెయ్యి బాబూ. పెళ్లంటోంది."

ఇసంక ఉంగరం వైపు చూస్తూ ఉండిపోయాడు. వేళ్లు ముడవలేదు.

"నాకొద్దు!" చతురికకి ఏడుపొచ్చేసింది. "రంగు చూడండి, ఎంత వెలిసిపోయి ఉందో! లోపల దారప్పోగులాంటిది కూడా ఉంది. నా రాయి లోపల నీళ్లంత తేటగా ఉంది!"

"తీసుకో తల్లీ. బాగుంటుంది."

"నువ్వు నోరు ముయ్యి! దొంగ ముసలాడా!"

ఆయన తల వంచుకుని బస్సుల వైపు నడిచాడు. జనం దారి ఇస్తూనే వీపు మీద రెండు చరిచారు. బస్సు కదిలింది.

ముదలాలి ఇసంక చేతిలోంచి ఉంగరం తీసుకున్నాడు. భూతద్దం కంటికి ఆనించి, ఆకాశం వైపు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మాయీ, ఆ పోగు భూమి పెట్టిన గుర్తు. ఇది నిఖార్సయిన నీలం. నీ యాభై వేలకి రెట్టింపు పలుకుతుంది."

చతురిక నోరు తెరిచింది. "మరి ఆ రాయి?"

"అంత ముదురు రంగు, ఒక్క నలక లేదు, యాభై వేలకా? దూరం నుంచి చూసినప్పుడే అనుకున్నాను. కానీ ఇద్దరి బేరంలో మూడోవాడు నోరెత్తకూడదని ఇక్కడ కట్టుబాటు. నేనూ ఎత్తలేదు." ముదలాలి గొంతు తగ్గింది. "నిజం రాయి నాలుకకి చల్లగా తగులుతుంది. గాజు ఇట్టే వెచ్చబడుతుంది. ఆయనకి తెలిసిపోయింది."

"తెలిస్తే గాజని అరవొచ్చు కదా! తన్నులు తిని, ఎదురు ఉంగరం ఇచ్చి పోవడమేంటి?"

"అరిస్తే అమ్మినవాడి చేతులు ఇక్కడే విరిగేవి. మళ్లీ ఏ ఊళ్లోనూ వాడి దగ్గర ఎవడూ రాయి కొనడు. ఆయన నీ డబ్బు కాపాడాడు. సరే. వీణ్ణెందుకు కాపాడినట్టు?"

చతురిక బస్సు వెనక పరుగెత్తింది. మలుపులో పొగ తప్ప ఏమీ లేదు.

రొప్పుతూ తిరిగొచ్చి ఇసంక ముందు నిలబడింది.

"ఎవరాయన?"

ఇసంక నేల మీద కూలబడ్డాడు. ఇందాక కొట్టిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ ఉంగరం మా అమ్మది అక్కా. ఆయన బస్సు దిగినప్పుడే గుర్తుపట్టి, ఎవరో తెలియనట్టు నటించాను" అన్నాడు. ఆ తర్వాత వీధంతా వినబడేలా అరిచాడు.

"గాజు అమ్మిన దొంగని నేనే! నేను కొట్టింది మా నాన్నని!"