వీధి దాకా పోని వెబ్‌సైట్

"ఈ పూటే బాగుచేసేస్తానమ్మా. వీధంతా నవ్వుకుంటున్నారు" అన్నాడు కార్తీక్, కంప్యూటర్ ముందు కూర్చుంటూ.

"అంత కొంపలేం మునిగాయిరా? వచ్చే ఆదివారం చూద్దువులే" అంది కనకదుర్గ.

కార్తీక్ చేసిన నిర్వాకం అలాంటిది మరి. ఎవరి సర్వరో దేనికని ఇంట్లోని పాత కంప్యూటర్లోనే వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ ఎక్కించి, తల్లి చేత వెబ్‌సైట్ పెట్టించాడు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, జహీరాబాద్‌లోని తమ వీధి ఆడవాళ్ల వంటలన్నీ ఫొటోలతో సహా అందులోకి ఎక్కించింది. అడ్రసు అందరికీ పంపారు. తీరా చూస్తే అది వాళ్లింటి వైఫైలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. రౌటర్ బయటివాళ్లను లోపలికి రానివ్వడం లేదు.

దాంతో ఎవరి వంట ఎలా కనిపిస్తోందో చూసుకోవాలంటే ఫోన్ పట్టుకుని వీళ్లింటికే రావాలి. వచ్చారు. రోజూ సాయంత్రం వరండా నిండిపోతోంది. పక్కింటి దేవమ్మైతే తన ఫొటో చూసుకుని, చాయ్ తాగి, కనకదుర్గకు జొన్నరొట్టె కొట్టడం నేర్పి మరీ పోతోంది.

"మీ నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగమని కాకినాడ నుంచి వచ్చి ఏడాది దాటింది. నీ పుణ్యమాని ఇప్పటికి నాకూ ఈ ఊళ్లో నలుగురు మనుషులు దొరికారు. అది కాస్తా బాగైపోతే ఇంకెవరొస్తారురా?"

"ఎవరూ చూడలేని సైట్ ఉండి ఏం లాభమమ్మా?" అని గొణిగి కార్తీక్ పనిలో పడ్డాడు. మధ్యాహ్నానికల్లా రౌటర్ దారికొచ్చింది. 'ఇక మీ ఇళ్లలోనే చూసుకోవచ్చు' అని వీధి గ్రూపులో మెసేజ్ పెట్టేశాడు. కనకదుర్గ అది చదివి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం అలవాటు కొద్దీ గిన్నె నిండా చాయ్ నీళ్లు పెట్టి, మళ్లీ సగం ఒంపేసింది.

అంతలో గేటు చప్పుడైంది. దేవమ్మ.

"దుర్గమ్మా, మా ఇంట్ల ఇంకా వస్తనే లేదు. జర నీ కాడ చూసుకుంట."

కనకదుర్గ ముఖం వెలిగిపోయింది. "రండి రండి, కూర్చోండి. చాయ్ తెస్తా" అంటూ లోపలికి పరుగెత్తింది.

కార్తీక్ లేచి వచ్చాడు. ఇంత చేసీ కుదరలేదా? "ఫోన్ ఇలా ఇవ్వండి ఆంటీ" అని తీసుకున్నాడు. ఫోన్లో వైఫై ఆపే ఉంది. అయినా సైట్ మొబైల్ డేటా మీదే శుభ్రంగా తెరుచుకుని ఉంది. జొన్నరొట్టె ఫొటో కింద, 'నా రొట్టె మంచిగొచ్చింది' అని గంట క్రితం దేవమ్మ రాసిన కామెంటు కూడా కనిపించింది.

"ఆంటీ, వస్తోంది కదా..."

దేవమ్మ వంటింటి వైపు ఓసారి చూసి, ఫోన్ లాక్కుని గొంతు తగ్గించింది.

"నాకెర్కనే బిడ్డా, అమ్మకు చెప్పకు. నా ఎనకనే ఎదురింటి మనోరమోళ్లు గూడ వస్తున్నరు, ఆళ్లింట్ల గూడ వస్తలేదు, యాదుంచుకో."