ప్రమాణం ఎందుకు, పరీక్ష ఉండగా!

నిర్మలమ్మ విరిగిన చేతికి మళ్ళీ పుత్తూరు కట్టు. రెండేళ్ళలో ఇది మూడోది. చూడగానే ఆమె అన్న మునస్వామికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈసారి యాడ పడినావు?"

"బావి కాడ జారినానన్నా," అంది నిర్మలమ్మ గోడవైపు చూస్తూ.

"పోయినసారి గడప. అంతకు ముందు మెట్లు. మీ వీధిలో నువ్వొక్కదానివేనా జారేది?"

మునస్వామి అలిపిరి దగ్గర టెంకాయలు అమ్ముతాడు. టెంకాయ దానంతటది పగలదని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

చెల్లెల్ని వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు. ఆమె మొగుడు రాజారత్నం అక్కడ బెల్లం మండీలో గుమాస్తా. పరాయివాడు కూడా కాదు, సొంత మేనత్త కొడుకు. మేనరికమైతే పిల్లను కడుపులో పెట్టుకుని చూసుకుంటారని ఇచ్చారు. తుంటి విరిగి మంచం పట్టిన మేనత్త వరదమ్మకు చాకిరీ చెయ్యడం, ఏడాదికోసారి కట్టు కట్టించుకోవడం, పిల్లకు దక్కింది ఇదీ!

మండీ వాకిట్లోనే బావ చొక్కా పట్టుకున్నాడు.

"నా చెల్లెల్ని కొట్టినావా లేదా?"

"చొక్కా వదులు మునస్వామీ. అందరూ సూస్తా ఉండారు."

"సూడనీ! కొట్టలేదంటే కాణిపాకం పోదాం పా. కోనేట్లో మునిగి, వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యి."

చిత్తూరు జిల్లాలో ఈ మాటకు తిరుగు లేదు. ఆ దేవుడి ముందు అబద్ధమాడినవాడు బతికి బట్టకట్టడని ఎంత రౌడీకైనా భయమే. రాజారత్నం తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. తర్వాత చొక్కా సర్దుకున్నాడు.

"ఈ కాలంలో కూడా ప్రమాణాలేందబ్బా? ఎముకలు ఊరికే విరగతా ఉంటే డాక్టరుకు సూపించల్ల గానీ!"

చుట్టూ చేరిన మండీ జనానికి ఆ మాట నచ్చింది. చదువుకున్నవాడి మాట మరి. మునస్వామి వట్టి మొరటోడిలా మిగిలిపోయాడు. ఆ కోపం ఇంకొకటి.

ముగ్గురూ ఆస్పత్రికి పోతే డాక్టరు ఓపికగా చెప్పాడు. మెడలో థైరాయిడ్ వెనకాల గింజలంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్ అంటారు. అవి చెడి హార్మోను ఎక్కువ వదిలితే ఎముకల్లోని కాల్షియం కరిగి రక్తంలోకి వచ్చేస్తుంది. ఎముకలు గుల్లబారతాయి. చిన్న దెబ్బకే విరుగుతాయి.

"రక్తంలో కాల్షియం, ఆ హార్మోను, రెండూ ఎక్కువుంటే ఇదే. రెండూ సరిగ్గా ఉంటే..." డాక్టరు నిర్మలమ్మ కట్టు వైపు చూశాడు. "ఇది రోగం కాదు."

"రోగం కాకుంటే నా చెల్లెలు మళ్ళీ నీ గడప తొక్కదు," అన్నాడు మునస్వామి.

"రోగమైతే?" అన్నాడు రాజారత్నం.

"నీ కాళ్ళ మీద పడతా."

నిర్మలమ్మ, ఎవరూ అడక్కముందే, బాగున్న చెయ్యి చాపింది.

ఆ పరీక్షలు చిత్తూరులో లేవు. రక్తం తీసి, సీసాను ఐసు వేసిన ప్లాస్కులో పెట్టారు. అదే రోజు రాయవేలూరు పెద్దాసుపత్రిలో ఇచ్చి రావాలి.

"నీ పక్కన బస్సులో కూర్చుంటే నిన్ను కిందికి తోసేస్తా," అన్నాడు మునస్వామి బావతో. "నీ పెండ్లాం రగతం, నువ్వే మోసుకుని పో!"

రాజారత్నం ప్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఫలితాలు రావడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్ళూ నిర్మలమ్మ తిరుపతిలో అన్న దగ్గరే ఉంది. చివరికి డాక్టరు కబురు పెడితే అన్నాచెల్లెళ్ళు వెళ్ళారు.

కాల్షియం ఎక్కువ. హార్మోను ఇంకా ఎక్కువ.

"పాపం, ఆయన్ని అనవసరంగా అనుమానించారు," అన్నాడు డాక్టరు. "మెడకు ఆపరేషన్ చెయ్యాలి. అంతవరకూ ఇంటిదగ్గర జాగ్రత్తగా చూసుకోమనండి."

"నాకు రోగం లేదన్నా," అంది నిర్మలమ్మ. గోడవైపు చూడలేదు. అన్న కళ్ళలోకే చూసి అంది.

"రోగమొచ్చినోళ్ళంతా అనే మాటే అది! నోర్ముయ్!" అని కసిరాడు మునస్వామి.

అతని కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. పదిమందిలో బావ చొక్కా పట్టుకున్న చెయ్యి నరుక్కోవాలనిపించింది. అన్నమాట ప్రకారం చెల్లెల్ని తీసుకుపోయి, ఇరుగుపొరుగు చూస్తుండగానే రాజారత్నం కాళ్ళ మీద పడ్డాడు.

"పోనీలే అబ్బా, చెల్లెలి మీద ప్రేమ అట్ల అనిపించింది," అన్నాడు రాజారత్నం పెద్దమనిషిలా. "ఇంకెప్పుడూ కాణిపాకం మాట ఎత్తొద్దు."

నిర్మలమ్మ సంచి అందుకుని లోపలికి పోయింది. రాజారత్నం బామ్మర్దికి సోడా తేవడానికి వీధి చివరికి వెళ్ళాడు.

మునస్వామి కళ్ళు తుడుచుకుని, వసారాలో మంచం మీదున్న మేనత్తను పలకరించాడు. వరదమ్మ అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఒరే మునస్వామీ, నువ్వన్నా చెప్పరా, ఆ పొద్దు మీ బావ ఆరెంపీ డాక్టరును ఇంటికి పిలిపించి, నా చేతిలోనుంచి తీపించి, ఐసు ప్లాస్కులో పెట్టుకుని రాయవేలూరికి ఎత్తకపోయినాడే, ఆ నా రగతంలో ఏం రోగముందని తేలిందిరా?"