మాటకు సున్నా

సభ్యులారా! కళాశాల వక్తృత్వ విజేతనై ఉండి, బల్ల చుట్టూ కూర్చుని ఆడే మన సాహసాల ఆటలో నా పాత్రకు మాటనేర్పు సున్నా పెట్టుకొని జట్టును నట్టేట ముంచానన్నది నాపై అభియోగం. బదులిస్తాను.

పాత్రకు ఇరవై పాయింట్లు. ఇరవయ్యీ బలానికే పోసి గద పట్టిన రాక్షసిని తయారుచేశాను. మాటకు సున్నా ఉన్నవాళ్ళు ఆడుతున్నంతసేపూ నోరు విప్పకూడదన్నది మీ నియమమే. మా అక్క తన గాయని పాత్రకు పద్నాలుగు పాయింట్లు మాటకే ఇచ్చింది. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి, "అక్కాచెల్లెళ్ళు కాగితాలు మార్చుకున్నారా ఏంటి?" అని నవ్వింది మీరే.

కోట ద్వారం దగ్గర కాపలావాడితో బేరం సహజంగానే అక్క మీద పడింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తూ రోజంతా ఇతరుల చేత నోరు తెరిపించే మనిషి, తన నోరు తెరవడానికి తడబడింది.

"అయ్యా, మేము... అంటే..."

అలవాటుగా నా వైపు చూసింది. నేను పళ్ళు బిగించి తల మాత్రం ఊపాను.

"మా గుర్రాలు తీసుకోండి. నాలుగూ తీసుకోండి. కానీ మా చెల్లి గద జోలికొస్తే మాత్రం ఊరుకోను, చెబుతున్నా!"

తలుపు తెరుచుకుంది.

గుర్రాలు పోయాయి, ఒప్పుకుంటాను. అయితే ఇరవై ఏళ్ళుగా ఇంట్లో అక్క మొదలుపెట్టిన ప్రతి వాక్యాన్నీ ముగించింది నేనే. నోరు మూసుకోమని నాకు నేను చెప్పుకుంటే వినను; అందుకే మీ నియమాన్ని ఆశ్రయించాను.

కనుక నా డిమాండు ఒక్కటే. మనం కాలినడకన వెళ్ళినా సరే, తదుపరి ద్వారం దగ్గర కూడా అక్కే మాట్లాడాలి. నా సున్నాను ఎవ్వరూ దిద్దకూడదు!